వడగళ్ల వాన తర్వాత సైడింగ్ ఎలా చూసుకోవాలి? పడమటి గోడ చూసి టెన్షన్‌గా ఉంది

కాకినాడ_కాజా (అరోరా, ఇల్లినాయ్) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది అరోరాలో, బాలాజీ గుడికి పది నిమిషాల దూరంలో, 2004లో కట్టిన ఇల్లు. ముందు వైపు ఇటుక, మిగతా మూడు వైపులా వినైల్ సైడింగ్, అంటే గోడకి బయట తొడిగే ప్లాస్టిక్ పలకలు. గోధుమపిండి రంగు. మేం కొనుక్కుని ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో సైడింగ్ అనే మాట నేను ఎన్నిసార్లు అన్నానో వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.

మొన్న శనివారం సాయంత్రం వడగళ్ల వాన పడింది. పది పన్నెండు నిమిషాలు పడిందేమో, అంతే. కిటికీలు పగులుతాయని భయపడి పిల్లల్ని తీసుకుని బేస్‌మెంట్‌లోకి దిగిపోయాం. తెరిపిచ్చాక డెక్ మీద చూస్తే రేగిపళ్ల సైజు నుంచి చిన్న నిమ్మకాయ దాకా ఉన్నాయి. మా వాడు రెండు ఏరి ఫ్రీజర్లో దాచాడు, స్కూల్లో చూపిస్తాడట.

ఆదివారం మా ఆయన వీధిలో నిలబడి రూఫ్ కేసి చూసి "షింగిల్స్ ఒక్కటీ ఊడలేదు, మనం సేఫ్" అని తేల్చేసి లోపలికొచ్చేశారు. మా నాన్నగారు మాత్రం వదల్లేదు. ఆయన కాకినాడ నుంచి వచ్చి రెండు నెలలైంది. కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమని ఊడ్చేసిన తుఫాను తర్వాత ఊరూరా తిరిగి పడిపోయిన స్తంభాలు లెక్కరాసిన మనిషి. సాయంత్రం నడకకని బయల్దేరి, ఇంటి చుట్టూ రెండు సార్లు తిరిగొచ్చి, "అమ్మాయ్, పడమటి గోడ పగిలింది చూసుకున్నారా?" అన్నారు.

వెళ్లి చూస్తే నిజమే. వంటింటి కిటికీ పక్కన రెండు చోట్ల నెలవంకలా పెచ్చు లేచిపోయింది. ఒక చోట వేలు దూరేంత కన్నం. కింద, నేలకి జానెడెత్తులో ఇంకో చిన్న కన్నం. కిటికీ పైన ఒక పలక కొంచెం వేలాడుతున్నట్టుంది, లేక నా కళ్లకే అలా ఉందో తెలీదు. నాన్న వేళ్లతో గోడ మీద కొట్టి "ఇదేం గోడమ్మా, డప్పులా మోగుతోంది. లోపల గట్టిది ఏమన్నా ఉందా?" అని అడిగారు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి!

నా సందేహాలు ఇవి. ఈ పెచ్చులు మొన్నటివేనా, పాతవా ఎలా తెలుస్తుంది? ఇంకేం చూడాలి? ఆ కన్నంలోంచి నీళ్లు లోపలికి పోతాయా? మా ఆయన సందులు పూడ్చే జిగురు, కాక్ ట్యూబ్ ఒకటి కొనుక్కొచ్చారు, ఈ వారాంతం అన్నీ పూడ్చేస్తానంటున్నారు. సోమవారం ఒకాయన ట్యాబ్లెట్ పట్టుకుని తలుపు కొట్టి "మీ పక్కింటికి మేమే చేస్తున్నాం, డిడక్టబుల్ మేం చూసుకుంటాం, ఇక్కడ ఒక సంతకం పెట్టండి" అన్నాడు. డిడక్టబుల్ అంటే ఇన్సూరెన్స్ ఇచ్చే ముందు మన జేబులోంచి కట్టాల్సిన వాటా. పెట్టలేదు. పెట్టాలా?

నేపర్విల్_బాబాయ్ జవాబు:

కాజా గారూ, ముందు ఆ కాక్ ట్యూబ్ తీసుకెళ్లి గరాజ్‌లో దాచేయండి. ఆ ట్యాబ్లెట్ ఆయనకి సంతకం పెట్టకపోవడం మంచి పని. ఇక మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. మీ ఇంట్లో ఈ పని చేయదగ్గ మనిషి ఆయనే.

నేను ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాను. మా మొదటి ఇంటికి ఇలాగే వడగళ్లు పడితే నేనూ మీ ఆయనలాగే రూఫ్ ఒక్కటే చూశాను. రూఫ్‌కి ఇన్సూరెన్స్ వచ్చింది, కొత్త షింగిల్స్ వేయించాం, సంతోషం. గోడ కేసి చూడనేలేదు. రెండు చలికాలాలు గడిచాక డైనింగ్ రూమ్ కిటికీ కింద పెయింట్ బుడగలా లేచింది. విప్పించి చూస్తే లోపలి చెక్క షీటు నానిన అటుకుల్లా చేతికొచ్చింది. అప్పుడు క్లెయిమ్ అంటే ఎవరు వింటారు? గడువు దాటిపోయింది. మొత్తం జేబులోంచే. అందుకే ఇది ఇంత పొడుగు రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మీ నాన్నగారి ప్రశ్నతో మొదలుపెడతాను. వినైల్ సైడింగ్ గోడ కాదు. గోడకి తొడిగిన రెయిన్‌కోటు. అదీ గుండీలు పూర్తిగా పెట్టని రెయిన్‌కోటు. దాని వెనక నీళ్లు లోపలికి పోకుండా చుట్టే పల్చటి హౌస్ ర్యాప్ ఉంటుంది, దాని వెనక ఓఎస్‌బీ అనే చెక్క షీటు, ఆ తర్వాత కట్టెల ఫ్రేము, మధ్యలో ఇన్సులేషన్, లోపల మీకు కనిపించే డ్రైవాల్. సైడింగ్ పలకల్ని మేకులతో బిగించి కొట్టరు, వేలాడదీస్తారు. మేకు తలకీ పలకకీ మధ్య ఒక డైమ్ నాణెం మందాన సందు వదలాలి. ఎందుకంటే పన్నెండున్నర అడుగుల పలక ఎండాకాలానికీ చలికాలానికీ మధ్య అర అంగుళం దాకా సాగి ముడుచుకుంటుంది. కాబట్టి డప్పులా మోగడం తప్పు కాదు, మోగాలి. రెండు అరచేతులు ఆనించి పక్కకి తోస్తే పలక కొంచెం జరగాలి. జరగకపోతే కట్టినవాడు మేకులు బిగించేశాడని అర్థం. అలాంటి పలక ఎండకి అలలు అలలుగా ఉబ్బుతుంది. దానికీ తుఫానుకీ సంబంధం లేదు.

ఇప్పుడు కాక్ సంగతి. వానలో కొన్ని నీళ్లు ఎలాగూ సైడింగ్ వెనక్కి పోతాయి. అవి హౌస్ ర్యాప్ మీదుగా జారి, పలకల అడుగున వరసగా ఉండే చిన్న చిన్న కన్నాల్లోంచి బయటికి పోయేలా ఏర్పాటు ఉంటుంది. వేళ్లతో పలక అంచు కింద తడిమితే ఆ కన్నాలు తగులుతాయి. అవి చూసి "అయ్యో కన్నాలు" అని మీ ఆయన పూడ్చేస్తే నీళ్లు లోపలే ఉండిపోతాయి. అదీగాక, ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం చూసి లెక్కకట్టే అడ్జస్టర్ రాకముందే దెబ్బల్ని పూడ్చేస్తే చూపించడానికి ఏం మిగులుతుంది? ఫోటోలు తీశాక, వేలు దూరేంత ఆ ఒక్క కన్నానికి మాత్రం వాన పడకముందే వెదర్ టేపు అంటించండి. ఇంకా పాడవకుండా మీ వంతు మీరు చేయాలని పాలసీల్లోనే రాసి ఉంటుంది. టేపు రసీదు దాచుకోండి.

ఇక చూడటం. గాలి ఎటు నుంచి కొట్టిందో ముందు తేల్చుకోవాలి. మన వైపు తుఫాన్లు ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వస్తాయి, అందుకే దెబ్బ పడమటి గోడకీ దక్షిణపు గోడకీ తగులుతుంది. తూర్పు గోడ మీద మచ్చ లేకపోయినా ఆశ్చర్యం లేదు. నాలుగు వైపులా ఫోటోలు తీయండి, దెబ్బ లేని వైపు కూడా. ఆ తేడాయే సాక్ష్యం.

గోడ కంటే ముందు గోడ చుట్టూ ఉన్నవి చూడండి. ఏసీ యూనిట్‌కి పల్చటి రెక్కలుంటాయి కదా, అవి ఒక వైపు నలిగి ఉన్నాయా? రూఫ్ నీళ్లు కిందికి దింపే గొట్టానికి, అదే డౌన్‌స్పౌట్‌కి, సొట్టలు పడ్డాయా? పైకి కనపడకపోతే సుద్దముక్క అడ్డంగా పెట్టి రుద్దండి, సొట్ట ఉన్న చోట సుద్ద అంటదు, గుండ్రంగా మచ్చ తేలుతుంది. కిటికీ మెష్‌లు చిరిగాయా, డ్రైయర్ గాలి బయటికొచ్చే ప్లాస్టిక్ మూత పగిలిందా, వరండా లైటు చుట్టూ ఉండే దిమ్మ పగిలిందా చూడండి. డెక్ చెక్క మీద, కరెంటు మీటరు డబ్బా మీద గుండ్రటి శుభ్రమైన మచ్చలుంటాయి, వడగల్లు తగిలి పాత మురికి రాలిపోయిన చోటు అది. వాటి ఫోటోలే అన్నిటికంటే ముందు తీయండి. నాలుగు వానలు పడితే అవి మాయం. పక్కన క్వార్టర్ నాణెం పెట్టి తీయండి. క్వార్టర్ దాదాపు ఒక అంగుళం ఉంటుంది, వాతావరణ శాఖ వాళ్లు తీవ్రమైన వడగళ్లు అనేదీ అంగుళం నుంచే. మీ వాడు ఫ్రీజర్లో పెట్టిన రెండూ ఉన్నాయిగా, వాటిని స్కూల్‌కి పంపే ముందు స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయండి. బుద్ధిమంతుడు!

ఆ తర్వాత గోడ. మిట్టమధ్యాహ్నం ఎదురుగా నిలబడి చూస్తే ఏమీ కనపడదు. పొద్దు వాలేటప్పుడు, ఎండ గోడ మీద ఏటవాలుగా పడ్డప్పుడు చూడాలి. లేదా రాత్రి టార్చిని గోడకి ఆనించినట్టు పట్టుకుని పక్కకి కొట్టాలి. ప్రతి పలక కింది అంచూ చూడండి. అంచు దగ్గర పలక ముందుకు పొడుచుకొచ్చి, వెనక ఆసరా లేకుండా డొల్లగా ఉంటుంది, పగిలేది అక్కడే. మీరు నెలవంక అన్నారే, సరిగ్గా అదే ఆకారం. ఇరవై ఏళ్లు ఎండకి ఎండిన వినైల్ పెళుసైపోతుంది, వాన ముందు చలిగాలి వీస్తే ఇంకా పెళుసు. అరచేత్తో తడిమితే కంటికి దొరకని చీలికలు కూడా తగులుతాయి, చేతికి గ్లౌజ్ వేసుకోండి.

పాతదా కొత్తదా అన్నారు. కొత్త పెచ్చు అంచు శుభ్రంగా, పదునుగా ఉంటుంది. పైన రంగు వెలిసిపోయి, విరిగిన చోట మాత్రం అసలు రంగు కనిపిస్తుంది. పాతదైతే లోపలి దాకా మురికి, ఒక్కోసారి సాలీడు గూడు కూడా. నేలకి జానెడెత్తులో ఉన్న ఆ చిన్న కన్నాన్ని మాత్రం మీ లెక్కలోంచి తీసేయండి. అది గడ్డి కోసే మెషీన్ విసిరిన రాయి పని అయ్యుంటుంది. దాన్ని కూడా వడగళ్ల లెక్కలో చూపిస్తే మిగతా వాటినీ అనుమానిస్తారు. అలాగే గ్రిల్ వెనక పలక కరిగి వంకరపోవడం, పక్కింటి కిటికీ అద్దాల మీంచి ఎండ తిరిగి కొట్టి ఏటవాలు గీతలా గోడ ముడతలు పడటం, ఇవి కూడా వాన ఖాతాలోవి కావు.

గాలి దెబ్బ వేరు. దానికి ఇంటి మూల దగ్గర నిలబడి, చెంప గోడకి ఆనించినంత పని చేసి గోడ పొడవునా చూడండి. గీతలన్నీ తిన్నగా పోవాలి. ఎక్కడైనా పొట్టలా ఉబ్బినా, వేలాడినా, అక్కడ పలక కింది పలక పట్టులోంచి జారిపోయినట్టే. కిటికీ పైన మీరు చూసింది అదే అనుకుంటా, మీ కళ్ల తప్పేం లేదు. అది వాయిదా వేయొద్దు. ఇంకో గాలి వస్తే అక్కణ్ణుంచి జిప్పు విప్పినట్టు వరసంతా ఊడొస్తుంది. మధ్యాహ్నం వెచ్చగా ఉన్నప్పుడు జిప్ టూల్ అనే చిన్న కొక్కెంతో లాగి మళ్లీ పట్టులోకి ఎక్కించచ్చు, హార్డ్‌వేర్ షాపులో పది డాలర్లలోపే దొరుకుతుంది. చల్లగా ఉన్నప్పుడు మాత్రం ముట్టుకోకండి, మంచిది కూడా విరుగుతుంది. ఆ కొక్కెంతోనే కన్నం ఉన్న పలక కింది అంచు విప్పి, వెనక హౌస్ ర్యాప్ చిరిగిందేమో చూడండి. అది చిరక్కపోతే నిద్ర పడుతుంది.

నిచ్చెన ఎక్కొద్దు. ముఖ్యంగా నాన్నగారిని ఎక్కనివ్వొద్దు. ఆ తరం వాళ్లకి స్తంభాలెక్కిన ధీమా ఉంటుంది. ఫోన్ జూమ్ చాలు.

వానాకాలం_చదువు (రూట్ 59 పక్కన) జవాబు:

బాబాయ్ గారు గోడ సంగతి చెప్పేశారు, నేను తలుపు కొట్టేవాళ్ల సంగతి చెప్తా. ఎందుకంటే నేను సంతకం పెట్టాను.

"ఇది ఇన్‌స్పెక్షన్‌కి పర్మిషన్ మాత్రమే సార్" అన్నాడు. ట్యాబ్లెట్ మీద వేలితో గీశాను. మర్నాడు మెయిల్లో వచ్చింది చదివితే ఇన్సూరెన్స్ ఎంత ఇస్తే అంతకి పని మొత్తం వాళ్లకే ఇస్తానని ఒప్పుకున్నట్టు ఉంది. నా అదృష్టం, మూడు రోజుల్లో రద్దు చేసుకునే వీలుందని ఆఫీసులో ఒకావిడ చెప్పి బతికించింది.

మీకు వచ్చినాయన "డిడక్టబుల్ మేం చూసుకుంటాం" అన్నాడు కదా, ఆ ఒక్క మాట చాలు తలుపు వేసెయ్యడానికి. ఇల్లినాయ్‌లో అలా ఆశపెట్టి పని సంపాదించడం చట్టవిరుద్ధం. వెయ్యి డాలర్లు దాటే పనికి రాతకోతలతో కాంట్రాక్టు ఉండాలి, వినియోగదారుల హక్కుల పాంఫ్లెట్ చేతికివ్వాలి. ఇన్సూరెన్స్ డబ్బుల మీద ఆధారపడి సంతకం పెట్టిన కాంట్రాక్టు అయితే, ఇన్సూరెన్స్ కంపెనీ ఇవ్వం అని రాసి పంపాక 5 పని దినాల్లో రద్దు చేసుకోవచ్చు. రూఫ్ పనికి రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ ఉండాలి, నంబర్ అడగండి. ఉత్త సైడింగ్ పనికి అలాంటి రాష్ట్ర లైసెన్స్ లేదు, కాబట్టి పాత పనులు చూసి, వాళ్ల ఇన్సూరెన్స్ కాగితం చూసి ఒప్పుకోవాలి.

ఇంకొకటి, మీరు ఇంట్లో లేనప్పుడు ఎవర్నీ నిచ్చెన వేయనివ్వకండి. లేని సొట్టల్ని నాణెంతో, సుత్తితో చేసే మహానుభావులు కూడా ఉన్నారు.

ప్లేనో_పంతులు (టెక్సస్) జవాబు:

మా డాలస్ వైపు వడగళ్లు మాకు సంక్రాంతి ముగ్గుల్లాంటివి, ఏటా తప్పవు. ఇక్కడ వినైల్ తక్కువ. ఎక్కువ ఇటుక, వెనక వైపూ పైఅంతస్తూ ఫైబర్ సిమెంట్ పలకలు. వాటికి సొట్ట పడదు, మూల దగ్గర పెచ్చు ఎగురుతుంది, పెయింట్ చిట్లుతుంది. చిట్లిన చోట నీళ్లు పీల్చుకుంటే చలికాలంలో పొరలు లేస్తాయి, అందుకని పెచ్చు చిన్నదైనా పెయింట్ వెంటనే వేయించాలి.

నేను చెప్పొచ్చింది డిడక్టబుల్ గురించి. మీ పాలసీ మొదటి పేజీ తీసి చూశారా? గాలికీ వడగళ్లకీ వేరే డిడక్టబుల్ ఉంటుంది చాలామందికి, అదీ డాలర్లలో కాదు, ఇంటి బీమా విలువలో ఒక శాతం, రెండు శాతం అని. 4,80,000 డాలర్ల ఇంటికి ఒక శాతం అంటే 4,800. పలకలు నాలుగు మార్చడానికి తొమ్మిది వందలు అయ్యేదానికి క్లెయిమ్ వేస్తే పైసా రాదు, క్లెయిమ్ మాత్రం రికార్డులో ఏడేళ్ల దాకా కూర్చుంటుంది. నేను ఒకసారి ఆ తప్పు చేశాను. ఫోన్ చేసే ముందు సొంతంగా ఒక కొటేషన్ తెప్పించుకోండి. మా రాష్ట్రంలో 2019 సెప్టెంబరు నుంచి డిడక్టబుల్ కట్టినట్టు రుజువు కూడా అడగచ్చని చట్టం తెచ్చారు, "మేం చూసుకుంటాం" బ్యాచ్ కొంచెం తగ్గింది. కొంచెమే.

కాకినాడ_కాజా:

అందరికీ ధన్యవాదాలు. పాలసీ చూశాను. పంతులు గారూ, మీరన్నట్టే ఒక శాతం! ఇన్నాళ్లూ వెయ్యి డాలర్లే అనుకుంటున్నాం. మా ఆయన కాక్ ట్యూబ్ తిరిగిచ్చేసి వచ్చారు, ముఖం మాడ్చుకుని.

ఒక సందేహం. పడమటి గోడ ఒక్కటే మార్చాల్సి వస్తే? 2004 నాటి గోధుమపిండి రంగు ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? మిగతా రెండు గోడలు వెలిసిపోయి, ఒక గోడ కొత్తగా ఉంటే అతుకుల బొంతలా ఉండదూ?

నేపర్విల్_బాబాయ్:

అసలు సంగతికి వచ్చారు. సైడింగ్ గొడవంతా చివరికి ఇక్కడే తేలుతుంది.

దెబ్బ తక్కువగా ఉండి క్లెయిమ్ వేయకపోతే ఒక చిట్కా ఉంది. ఏసీ వెనకో, డెక్ కిందో, ఎవరికీ కనపడని చోట నుంచి బాగున్న పలకలు విప్పి తెచ్చి వంటింటి కిటికీ పక్కన వేయించండి. అవీ ఇవీ ఒకే ఎండకి వెలిసినవి కాబట్టి రంగు కలుస్తుంది. కొత్త పలకలు ఆ చాటున వేయించండి. మంచి పనివాడైతే మీరు చెప్పకముందే ఈ మాట తనే అంటాడు.

దెబ్బ ఎక్కువగా ఉంటే, విరిగిన ముక్క ఒకటి పారేయకుండా దాచండి. రంగొక్కటే కాదు, పలక మీద గీతల మధ్య ఎన్ని అంగుళాలుందో, చెక్క చారలు ఎలా ఉన్నాయో అన్నీ కలవాలి. ముక్క పంపిస్తే అలాంటిది ఇప్పటికీ తయారవుతోందో లేదో పరీక్షించి చెప్పే ల్యాబులున్నాయి, అడ్జస్టర్లు కూడా వాటినే అడుగుతారు. దొరకదని తేలితే ఇల్లినాయ్ బీమా నియమాల్లో 919.80 అనే సెక్షన్ మీకు పనికొస్తుంది. మార్చిన భాగం మిగతాదానితో కలవకపోతే, చూడటానికి సుమారుగా ఒకేలా ఉండేట్టు మార్చివ్వాలని అందులో ఉంది. మీ పాలసీలో మ్యాచింగ్ గురించి వేరే షరతేమైనా చేర్చారేమో మాత్రం చూసుకోండి, ఈ మధ్య కొన్ని పాలసీల్లో చేరుస్తున్నారు.

దీని మీద మా ఊళ్లోనే ఒక కేసు నడిచింది. నేపర్విల్‌లో విండ్రిడ్జ్ అని ఒక కాండో సముదాయం ఉంది. 2014 మే నెలలో వడగళ్లు, గాలి కొట్టి వాళ్ల భవనాల దక్షిణం, పడమర వైపుల అల్యూమినియం సైడింగ్ పాడైంది. అలాంటి సైడింగ్ మార్కెట్లో దొరకడం లేదు. కంపెనీ వారేమో దెబ్బతిన్న రెండు వైపులకే ఇస్తామన్నారు, వీళ్లేమో నాలుగు వైపులూ కావాలన్నారు. షికాగోలోని ఏడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2019లో నాలుగు వైపులూ మార్చాల్సిందేనని తీర్పిచ్చింది. అది వాళ్ల పాలసీలో మాటల్ని బట్టి ఇచ్చిన తీర్పు, మీ పాలసీలో మాటలు వేరే ఉండొచ్చు. కానీ అడ్జస్టర్‌తో మాట్లాడేటప్పుడు "రెండు గోడలు మాత్రమే" అంటే తలూపి ఊరుకోనక్కర్లేదని తెలియడానికి ఇది చాలు. మీకు హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే రంగు మార్చే ముందు వాళ్ల అనుమతీ కావాలి, అదో తిరునాళ్ల.

లెక్కపెట్టి చెప్పండి. ఊరికే "చాలా ఉన్నాయి" అంటే నేనే ఒప్పుకోను.

కాకినాడ_కాజా (నాలుగు రోజుల తర్వాత):

లెక్క తేలింది. తేల్చింది నాన్న.

నేను ఆఫీస్ కాల్స్‌లో ఉండగా ఆయన గరాజ్‌లో పెయింటింగ్‌కి వాడే నీలం టేపు పట్టుకుని రంగంలోకి దిగారు. ముందు డౌన్‌స్పౌట్ మీద మా అమ్మాయి సుద్దముక్క రుద్ది, సొట్టలు ఎటు వైపున్నాయో చూసుకున్నారు. స్తంభాలు ఎటు ఒరిగాయో చూస్తే గాలి ఎలా తిరిగిందో తెలిసేదట, ఇదీ అంతేనట. వాయవ్యం, పూర్తి పడమర కాదు అని తేల్చారు. అందుకే మేం చూడనే చూడని ఉత్తరపు గోడకి వెళ్లారు. అక్కడ గరాజ్ వెనక, ఏడడుగుల ఎత్తులో ఆరు పెచ్చులు! పడమటి గోడ మీద పద్నాలుగు. గడ్డి మెషీన్ కన్నం బాబాయ్ గారు చెప్పినట్టు వదిలేశాం. దక్షిణం, తూర్పు శుభ్రం.

కిటికీ పైన పలక నిజంగానే పట్టు జారింది. ఆదివారం మధ్యాహ్నం ఎండలో మా ఆయన జిప్ టూల్‌తో ఎక్కించారు. నాలుగోసారికి టక్ మంది. కాక్ ట్యూబ్ అవమానం పోయింది. పెద్ద కన్నం ఉన్న పలక విప్పి చూస్తే హౌస్ ర్యాప్ బొటనవేలంత చిరిగింది, చెక్క మాత్రం పొడిగానే ఉంది. ఫోటో తీసి, దాని టేపు దానికి అంటించి మూసేశాం. పలక తిరిగి ఎక్కించబోతే ఇంకో ముక్క విరిగింది, ఆ ముక్క జిప్‌లాక్ సంచిలో దాచాను.

కొటేషన్ తెప్పించాను. రెండు గోడలకే డిడక్టబుల్ దాటి చాలా దూరం పోయింది. ఈ గీతల కొలత పలక, ఈ రంగు తమ దగ్గర లేవని కొటేషన్ మీదే రాయించుకున్నాను. క్లెయిమ్ వేశాం. తేదీ, టైము, ఫ్రీజర్ ఫోటోలు అన్నీ పెట్టాను.

అడ్జస్టర్ గురువారం పొద్దున వస్తాడు. ఒక్కటే చిక్కు. నాన్న ప్రతి దెబ్బ పక్కనా నీలం టేపు ముక్క అంటించి నంబరు వేశారు. మా తాతగారు ఊరి కరణం, ఆయన దగ్గర నేర్చుకున్న తెలుగు అంకెలు. ౧ నుంచి ౨౦ దాకా గోడ నిండా ఉన్నాయి. మార్చనా అంటే "లెక్క లెక్కేగా, ఏ అంకెల్లో ఉంటేనేం" అంటున్నారు. ఆ అడ్జస్టర్ పక్కన నడుస్తూ ౭ అంటే ఎంతో చెప్పడానికి గురువారం సెలవు పెట్టాను.